అర్ధరాత్రి తలుపు నుండి అడగని ఫోను దాకా



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను మా ఓర్వకల్లు రాళ్ల గుట్టల గూర్చో, కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్ల గూర్చో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ రెండూ నాకంటే బాగా వ్రాయగలవారు మనలో ఉన్నారు. నేను వ్రాయదలచినది వేరు. దానికి కారణం కార్యదర్శి గారి ఉత్తరంతో పాటే వచ్చిన మరొక కాగితం. సభ్యుల డైరెక్టరీ కొరకు నింపి పంపవలసిన ఫారం అది. పేరు, హోదా, పదవీ విరమణ తేదీ, పి.పి.ఓ. నంబరు, పింఛను తీసుకొను బ్యాంకు శాఖ, పుట్టిన తేదీ, భార్య లేక భర్త పేరు, చివరగా సెల్ ఫోను నంబరు. 1974లో ఎల్.డి.సి.గా చేరి 2008లో దిగిపోయే దాకా ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసిన చెయ్యి ఇది. ఫారం కనబడితే గడులు నింపకుండా ఉండలేదు. ఈసారి మాత్రం ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఆ రోజు ప్రొద్దుటి నుండి మధ్యాహ్న భోజనం లోపల నా సెల్లు అయిదుసార్లు మ్రోగింది. ఒకరు నాకు అక్కరలేని అప్పు ఇస్తామన్నారు. ఒకరు విమానాశ్రయం పక్కన ప్లాటు కొనమన్నారు. (2021 మార్చిలో మా ఓర్వకల్లుకు విమానాశ్రయం వచ్చినప్పటి నుండి ప్లాట్ల వారికి మా మీద ప్రేమ మరీ ఎక్కువయింది. ఆ రాళ్లలో కంది వేసినా మొలవదని మా నాయన అనేవాడు.) మరి రెండు ఎత్తితే అవతల మనిషే లేడు, రికార్డు చేసిన మాటలు. అయిదవ అతను మాత్రం నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, నేను రిటైరైన నెల చెప్పి, నా పింఛను ఏ శాఖలో పడుతుందో కూడా చెప్పి, "మీ లైఫ్ సర్టిఫికెట్ నమోదు కాలేదు సార్, మీ సెల్లుకు ఇప్పుడు ఆరు అంకెలు వచ్చి ఉంటాయి, అవి చెప్పండి, లేకుంటే వచ్చే నెల పింఛను ఆగిపోతుంది" అన్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నేను రెండు అంకెలు చెప్పాను కూడా. మా ఇంటామె వంటింట్లో నుండి "ఎవురది? ట్రెజరీవోళ్లు ఫోన్లో యాడన్నా అడుగుతారా?" అని గట్టిగా కేక వేయకపోతే మిగతా నాలుగు కూడా చెప్పి ఉండేవాడిని. జీవితమంతా ఇతరుల బిల్లులకు అభ్యంతరాలు వ్రాసిన వాడిని సుమా!

ఫోను పెట్టేసిన తరువాత నన్ను పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. నేను రిటైరైన నెల ఈ అబ్బాయికి ఎవరిచ్చారు? దానికి జవాబు వెదుకుతూ పోతే చరిత్రలో చాలా వెనక్కి పోవలసి వచ్చింది, కొంత నా సొంత చరిత్రలోకి కూడా.

మా చిన్నతనంలో ఫోను వచ్చిందంటే ఎవరో పోయారని అర్థం. లేదా ఎవరికో ఆపరేషను. మంచి వార్తలు కార్డు మీద వచ్చేవి, చెడ్డవార్త తంతి మీదనో, ట్రంకాలు మీదనో వచ్చేది. కర్నూలు నుండి హైదరాబాదుకు ట్రంకాలు బుక్ చేసి సగం రోజు ఫోను దగ్గర కాపలా కాసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. తరువాత పి.పి. నంబర్ల కాలం వచ్చింది. ఎదురింటి షావుకారు గారి ఫోను నంబరు మన లెటరు కాగితం మీద "పి.పి." అని వేసుకునేవాళ్లం. ఫోను వస్తే వాళ్ల పిల్లవాడు పరుగెత్తుకొచ్చి పిలిచేవాడు. మనం వాళ్ల నడవలో నిలబడి మాట్లాడుతుంటే ఆ ఇంటివారందరూ వినేవారు. సాయంత్రానికి వీధంతా తెలిసేది. అప్పుడు మనకు ఫోనులో రహస్యమంటూ ఏమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే పిలిచేవాడు మనకు తెలిసినవాడు. పిలవడానికి వాడికి డబ్బు ఖర్చయ్యేది, కాబట్టి అవసరం లేనిదే పిలిచేవాడు కాడు.

ఈ ఖర్చు సంగతి చిన్నది కాదు. 1995 జూలై 31న కలకత్తాలో జ్యోతి బసు గారు ఢిల్లీలోని మంత్రి సుఖ్ రాం గారితో సెల్ ఫోనులో మాట్లాడటంతో మన దేశంలో ఆ ఫోను మొదలయింది. ఆ రోజుల్లో వచ్చిన పిలుపుకు కూడా ఎత్తినవాడే డబ్బు కట్టేవాడు. 2003లో ఆ పద్ధతి పోయి, పిలిచేవాడే కట్టే పద్ధతి వచ్చింది. వచ్చే పిలుపు ఉచితమని మనం సంతోషించాం. ఆ వెనుకే పిలిచే ధర కూడా పడిపోయింది. ఒక గదిలో ఇరవై మంది పిల్లలను కూర్చోబెట్టి రోజుకు వేల మందిని పిలిపించడం లాభసాటి వ్యాపారమయింది. వాళ్లకు కావలసిందల్లా నంబర్ల జాబితా.

ఇంట్లో ఉన్న మనిషిని, అతను రమ్మనకుండా ఎవరైనా వచ్చి లేపవచ్చునా అన్న వ్యాజ్యం మన దేశంలో ఫోనుతో మొదలు కాలేదు, తలుపుతో మొదలయింది. మన సీమ వారికి ఇది ఇంకొంచెం బాగా అర్థమవుతుంది. తెల్లదొరల కాలంలో నేరస్థ జాతులని కొన్ని కులాలకే ముద్రవేసి, మన కర్నూలు జిల్లా సిద్ధాపురం వంటి చోట్ల సెటిల్మెంట్లలో ఉంచారు. ఆ చట్టం కింద పోలీసు హాజరు తప్పేది కాదు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయినా, కేడీ షీట్లు, రౌడీ షీట్లు మిగిలాయి. షీటు ఉన్నవాడి ఇంటి తలుపు ఏ రాత్రి వేళనైనా తట్టవచ్చు. మన ఊళ్లలో దీనిని ఎవరూ పెద్ద తప్పుగా ఎంచేవారు కారు. నేనూ ఎంచలేదు.

దానిని తప్పన్నవాడు ఉత్తర ప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్. 1941లో ఒక బందిపోటు కేసులో పట్టుకొని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలినా హిస్టరీ షీటు తెరిచారు. చౌకీదార్లు, కానిస్టేబుళ్లు రాత్రిళ్లు వచ్చి తలుపు బాది, కేకలు వేసి లేపేవారు. ఊరు దాటితే ఎక్కడికో చెప్పిపోవాలి. ఆయన నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రివేళ ఇంటికి వచ్చే తనిఖీ చెల్లదని అందరూ అన్నారు. తక్కిన నిఘా మాత్రం ఉండవచ్చునని, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని నలుగురు అన్నారు. అంతకు ముందు 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తులు కూడా సోదాల విషయంలో ఇంచుమించు ఆ మాటే అని ఉన్నారు.

ఒప్పుకోనివారు ఇద్దరు. వారిలో తీర్పు వ్రాసినవారు కోకా సుబ్బారావు గారు. రాజమండ్రి మనిషి. 1953లో రాజధాని మన కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు అని పంచుకున్నప్పుడు, 1954లో ఆ గుంటూరు హైకోర్టుకు మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. తరువాత 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. గోలక్‌నాథ్ తీర్పు ద్వారా ఆయన పేరు మనలో చాలామందికి తెలుసు. నా మట్టుకు నాకు, ఈ ఖరక్ సింగ్ కేసులో ఆయన వ్రాసిన భిన్నాభిప్రాయం అంతకంటే గొప్పదనిపిస్తుంది. మనిషిని గొలుసుతో కట్టకపోయినా, ఎవరో తనను చూస్తున్నారన్న భయం అతని మనసును కట్టేస్తుందని, అది కూడా స్వేచ్ఛను హరించడమేనని ఆయన వాదన. రాజ్యాంగంలో గోప్యత అన్న మాట లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమన్నారు. ఆయనతో జస్టిస్ జె.సి. షా గారు ఏకీభవించారు. ఇద్దరి మాట నలుగురి ముందు చెల్లలేదు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఆ నోటు ఫైలులోనే ఉండిపోయింది.

తలుపు నుండి ఫోనుకు రావడానికి సరిగ్గా ముప్పై నాలుగేళ్లు పట్టింది. 1988లో పొరుగున కర్ణాటకలో ఫోన్లు విన్నారన్న గొడవ మీద ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే గారు రాజీనామా చేశారు. 1991లో నాయకుల ఫోన్లు వింటున్నారని పత్రికలో వచ్చిన వార్త మీద పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996లో, చిత్రంగా అదే డిసెంబరు 18న తీర్పు వచ్చింది. ఇంట్లోనో ఆఫీసులోనో ఒక మనిషి ఫోనులో మాట్లాడుకునే మాట అతని గోప్యతలో భాగమని, వినాలంటే హోం కార్యదర్శి స్థాయిలో వ్రాతపూర్వక ఉత్తర్వు ఉండాలని, ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి చెల్లదని, పొడిగించినా ఆరు నెలలు దాటరాదని కోర్టు చెప్పింది. అంతవరకు 1885 నాటి టెలిగ్రాఫు చట్టమే తప్ప వేరే కట్టుబాటు లేదు.

ఆ తరువాతి కేసు మన రాష్ట్రానిదే. రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసిన మిత్రులకు గుర్తుండే ఉంటుంది. స్టాంపుల చట్టం 73వ సెక్షనుకు 1986లో మన రాష్ట్రం ఒక సవరణ చేసింది. కలెక్టరు అధికారమిచ్చిన మనిషి బ్యాంకుకు పోయి, అక్కడ ఖాతాదార్లు పెట్టుకున్న కాగితాలను చూడవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు. హైకోర్టు దీనిని కొట్టివేసింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒకవైపు, కెనరా బ్యాంకు మరొకవైపు ఉన్న ఆ వ్యాజ్యంలో 2004 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అదే సరి అన్నది. గోప్యత స్థలానికి చెందినది కాదు, మనిషికి చెందినది. కాబట్టి తన కాగితాన్ని బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన దాని మీద అతని హక్కు పోదు. ఈ తీర్పు సారాంశాన్ని నేను రిటైరయ్యాక ఒక వకీలు మిత్రుని దగ్గర విన్నాను. విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ఇక్కడ వ్రాయాలి. ఇంతవరకు మా ఇంటామెకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1996లో నేను ఒక జిల్లా కార్యాలయంలో యు.డి.సి.ని, ఎస్టాబ్లిష్మెంటు సెక్షను. ఒక ఫైనాన్సు కంపెనీ ఏజెంటు వచ్చి, రాబోయే రెండేళ్లలో రిటైరయ్యేవారి పేర్లు, ఇంటి చిరునామాలు, వచ్చే గ్రాట్యుటీ అంచనా కావాలన్నాడు. అది తప్పని నాకు తోచలేదు. సర్వీసు రిజిస్టర్లు నా బీరువాలోనే ఉన్నాయి. మధ్యాహ్నం టీ వేళకు రెండు ఫుల్‌స్కేపు కాగితాల మీద నలభై ఒక్క పేర్లు, నా గుండ్రని దస్తూరీతో, వరుస సంఖ్యలతో సహా వ్రాసి ఇచ్చాను. అతను టీ ఇప్పించాడు. కొత్త సంవత్సరానికి ఒక డైరీ, ఒక క్యాలెండరు పంపాడు. నేను తీసుకున్న లంచం ఏదైనా ఉంటే అదే. ఆ రోజుల్లో దానిని లంచమనుకునేవారు ఎవరూ లేరు.

ఆ జాబితాలో పదిహేడవ పేరు మా ఆఫీసు అటెండరుది. పేరు వ్రాయను. 1997లో రిటైరయ్యాడు. గ్రాట్యుటీ, కమ్యుటేషను చేతికందిన మూడవ రోజున ఆ ఏజెంటు వాళ్లింటి గడపలో ఉన్నాడు. ఎంత వస్తుందో ముందే తెలుసు కదా! కూతురి పెళ్లికి రెట్టింపవుతుందని నమ్మి మొత్తం వేశాడు. రెండేళ్లు తిరగకుండా ఆ కంపెనీకి షట్టరు పడింది. అప్పట్లో అటువంటివి ఎన్ని మూతపడ్డాయో మనకందరికీ తెలుసు. అతను అర్జీ వ్రాయించుకోవడానికి ఎవరి దగ్గరకు వచ్చాడనుకున్నారు? నా దగ్గరకే. మూడు పేజీల అర్జీ వ్రాసి ఇచ్చాను. "మీ మేలు మర్చిపోలేను సార్" అని రెండు చేతులూ జోడించాడు. తన పేరు వాళ్లకు ఎట్లా తెలిసిందోనని నా ముందే ఆశ్చర్యపోయాడు. నేను తల వంచుకొని బ్లాటింగు కాగితం అద్దుకుంటూ కూర్చున్నాను. అతను పోయి పన్నెండేళ్లయింది. డబ్బు రాలేదు.

కెనరా బ్యాంకు తీర్పు నాకు చెప్పింది ఇది: ఆ సర్వీసు రిజిస్టరు సర్కారుది, బీరువా సర్కారుది, తాళంచెవి నాది. కాని అందులోని అతని పుట్టిన తేదీ, అతని ఇల్లు, అతని గ్రాట్యుటీ అతనివి. వాటిని ఇచ్చే అధికారం నాకు ఏనాడూ లేదు.

ఇక అడగని ఫోన్ల మీద మన దేశంలో జరిగినది క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో 2003లోనే "నన్ను పిలవవద్దు" అని పేరు వ్రాయించుకునే జాతీయ పట్టిక వచ్చింది. మన దగ్గర 2005లో ఒక న్యాయవాది, ఈ వ్యాపార ఫోన్లు గోప్యతకు భంగమని సుప్రీంకోర్టులో పిటిషను వేశారు. అదే ఏడు నవంబరులో రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డుల సంస్థలకు మార్గదర్శకాలిస్తూ, వద్దన్న వారిని పిలవరాదన్నది. 2007 జూన్‌లో ట్రాయ్ నిబంధనలు చేసింది. జాతీయ పట్టిక తెరిచారు. 2010 నిబంధనలు ఇంకొంచెం గట్టివి, 2011 సెప్టెంబరులో పూర్తిగా అమలుకొచ్చాయి. వాటిలో నాకు నచ్చిన మాట ఒకటి ఉంది. రాత్రి 9 నుండి ఉదయం 9 దాకా ఎవరికీ వ్యాపార పిలుపు చేయరాదు. ఖరక్ సింగ్ తలుపు గుర్తుకు రాలేదూ? 2018లో నిబంధనలు మళ్లీ మార్చి, మన సమ్మతి నమోదయి ఉండాలన్నారు. ప్రచారం ఫోన్లకు 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకుల, ప్రభుత్వ సేవల ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు ఏర్పరచారు. 2025 ఫిబ్రవరి సవరణలతో, పట్టికలో పేరు లేకపోయినా ఫిర్యాదు చేయవచ్చు, గడువు మూడు రోజుల నుండి ఏడు రోజులయింది. సభ్యులు 1909కి ఫోను చేసి గాని, "స్టార్ట్ 0" అని ఇంగ్లీషులో సందేశం పంపి గాని వ్యాపార పిలుపులన్నీ ఆపమని కోరవచ్చు. మా మనుమడు నాకు అట్లాగే చేసి పెట్టాడు. అప్పుల వాళ్లు సగం తగ్గారు. ప్లాట్ల వాళ్లు తగ్గలేదు, వాళ్లు మామూలు పది అంకెల నంబర్ల నుండి చేస్తారు.

సుబ్బారావు గారి నోటు సంగతి చెప్పి ముగించాలి. 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారు జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి గారు. కర్ణాటక హైకోర్టులో చేసి రిటైరైనవారు, 1990లలో మన రాష్ట్ర వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షత వహించినవారు. అంటే ఆయనా మన వంటి పింఛనుదారే! కేసు వేసేనాటికి ఆయన వయస్సు 86. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 1954, 1962 తీర్పులలో దానికి విరుద్ధంగా ఉన్న భాగాలను త్రోసిపుచ్చి, సుబ్బారావు గారి భిన్నాభిప్రాయమే సరైనదన్నారు. యాభై అయిదేళ్ల తరువాత ఫైలు కదిలింది. సుబ్బారావు గారు చూడలేదు. పుట్టస్వామి గారు చూసి, 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆ తీర్పు వెనుక 2023 ఆగస్టులో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమావళి వచ్చింది. అందులోని ముఖ్యమైన బాధ్యతలు మాత్రం నియమావళి వెలువడిన పద్దెనిమిది నెలలకు గాని అమలుకు రావు. మన పి.ఆర్.సి. బకాయిల వంటిదే అనుకోండి.

ఈ నిబంధనలన్నీ వాటికి భయపడే వ్యాపారినే ఆపుతాయి. ఆరంకెలు అడిగిన అబ్బాయి ఏ పట్టికా చూడడు. (అటువంటివాడి చేతిలో డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.) వాడి చేతిలో ఉన్నది ఎవరో ఒక గుమాస్తా, టీ వేళకు, తప్పని తోచక వ్రాసి ఇచ్చిన జాబితా. ఇప్పుడు ఫుల్‌స్కేపు కాగితం బదులు పెన్‌డ్రైవు అయి ఉంటుంది, అంతే. మన డైరెక్టరీ అచ్చయితే అది కూడా అటువంటి జాబితాయే. పి.పి.ఓ. నంబరు, బ్యాంకు శాఖ, పుట్టిన తేదీ, సెల్లు నంబరు, అన్నీ ఒకే వరుసలో, ఇన్ని వందల మందివి. పాత కాగితాల దుకాణంలో కిలోల లెక్కన దొరుకుతుంది.

కావున కార్యవర్గానికి నా మనవి. డైరెక్టరీలో పేరు, హోదా, ఊరు మాత్రం వేయండి. నంబర్లు కార్యదర్శి గారి దగ్గర ఒక రిజిస్టరులో ఉంచి, ఒక సభ్యునికి మరొక సభ్యుని నంబరు కావలసి వస్తే, ముందు ఆ మనిషిని అడిగి ఇవ్వండి. పని కొంచెం పెరుగుతుంది. ఆ రిజిస్టరు వ్రాసే పని నాకు అప్పగిస్తే ఉచితంగా చేసి పెడతాను, నా దస్తూరీ ఇంకా గుండ్రంగానే ఉంది.

నా ఫారం ఈ వ్యాసంతో జతపరచి పంపుతున్నాను. మొదటి మూడు గడులు నింపాను. తక్కిన వాటిలో అడ్డగీత గీసి పొట్టి సంతకం పెట్టాను. నాతో పని ఉన్నవారు కర్నూలు నుండి నంద్యాల బస్సెక్కి ఓర్వకల్లులో దిగితే చాలు. స్టాండులో ఎవరిని అడిగినా ఇల్లు చూపిస్తారు. పగటి పూట తలుపు తీసే ఉంటుంది.